బాకీ ఎవరిది?

అమెరికాలో ఒక న్యాయ సహాయ కార్యాలయానికి నేను కొన్నేళ్లుగా తెలుగు పత్రాలను అనువదించి ఇస్తున్నాను. వాటిలో ప్రోనోట్లు తరచుగా కనిపిస్తాయి. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, నూటికి రెండు రూపాయల వడ్డీ, "మీరు కోరినప్పుడు మీకు గాని, మీ అనుమతి పొందినవారికి గాని చెల్లించగలవాడను" అన్న పాత వాక్యం, కింద ఇద్దరు సాక్షులు. పని ఇప్పిస్తామన్న ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో తెచ్చిన అప్పు అది. ఇక్కడికి వచ్చాక పాస్‌పోర్టు యజమాని చేతికి పోయినా, చెప్పిన జీతంలో సగం కూడా రాకపోయినా, ఆ మనిషి పని వదిలి వెళ్లలేకపోవడానికి చాలాసార్లు ఆ కాగితమే కారణం. నేను అనువదించిన కేసుల వివరాలు ఇక్కడ రాయకూడదు కనుక, అందరికీ తెలిసిన కేసుల ద్వారానే ఒక విషయం చెప్పాలనుకుంటున్నాను. మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడినవారు, తమను ఆ స్థితిలోకి నెట్టినవారి మీద నష్టపరిహారం కోసం స్వయంగా సివిల్ దావా వేయవచ్చు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

'రవాణా' అనే మాట మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది. సరిహద్దు దాటించడం, దొంగ వీసాలు, రాత్రిపూట ప్రయాణాలు మనసులో మెదులుతాయి. అమెరికా చట్టం చూసేది ప్రయాణాన్ని కాదు, బలవంతాన్ని. సక్రమమైన వీసాతో, పగటిపూట విమానంలో వచ్చిన మనిషి కూడా ఈ నేరానికి బాధితుడు కావచ్చు. పైగా ఆ బలవంతం కొట్టడం, కట్టేయడం రూపంలోనే ఉండనక్కరలేదు. పని మానేస్తే కలిగే 'తీవ్రమైన హాని'లో ఆర్థికమైన హాని, మానసికమైన హాని, పరువు నష్టం కూడా చేరతాయని 2008 నుంచి చట్టం స్పష్టంగా చెబుతోంది. అందుకే మనిషిని బెదిరించడానికి పనికివచ్చిన ప్రోనోటే, న్యాయస్థానంలో అతని వైపు సాక్ష్యంగా నిలవగలదు.

అక్రమ రవాణా బాధితుల రక్షణ చట్టం అమెరికాలో 2000లో వచ్చింది. అందులో మొదట నేరవిచారణే ప్రధానం. బాధితులకు దావా వేసే హక్కు 2003లో చేరింది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, చాలా పెద్దది. క్రిమినల్ కేసు ప్రభుత్వానిది. నేరం ఎవరి మీద జరిగిందో ఆ మనిషి అందులో సాక్షి మాత్రమే, కేసు నడపాలా వద్దా అన్నది ప్రభుత్వ న్యాయవాది చేతిలో ఉంటుంది. సివిల్ దావాలో అదే మనిషి వాది. ఎవరెవరిని ప్రతివాదులుగా చేర్చాలి, రాజీకి ఒప్పుకోవాలా, జ్యూరీ ముందుకు వెళ్లాలా అన్నవి న్యాయవాది సలహాతో తానే నిర్ణయించుకుంటాడు. నేరాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయవలసిన భారం కూడా ఇక్కడ ఉండదు. సాక్ష్యం వాది వైపు కాస్త మొగ్గితే చాలు. ప్రభుత్వం కేసు పెట్టకపోయినా దావా వేయవచ్చు. ప్రభుత్వం పెడితే మాత్రం, అది ముగిసేవరకు దావా ఆగుతుంది.

మన తెలుగువాళ్లం తలవంచుకోవలసిన కేసు ఒకటి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జరిగింది. కృష్ణా జిల్లాకు చెందిన ఒక సంపన్న ఇళ్ల యజమాని, సొంత ప్రాంతంలోని పేద కుటుంబాల నుంచి బాలికలను, కూలీలను తీసుకువచ్చి ఏళ్ల తరబడి దోపిడీ చేశాడు. 1999 నవంబరులో అతని అపార్ట్‌మెంటులో విషవాయువు సోకి ఒక బాలిక చనిపోవడంతో వ్యవహారం బయటపడింది. 2001లో అతను నేరం ఒప్పుకొన్నాడు, ఎనిమిదేళ్లకు పైగా శిక్ష పడింది. బాధితులు సివిల్ దావా వేసేనాటికి 2003 సవరణ ఇంకా రాలేదు. వేరే చట్టాలను ఆధారం చేసుకుని పోరాడవలసి వచ్చింది. 2004లో ఆ దావా సుమారు 89 లక్షల డాలర్లకు రాజీ అయింది. మనలో ఈ కేసు గుర్తున్నవారికి కూడా ఆ జైలు శిక్షే గుర్తుంటుంది, దావా గుర్తుండదు. నిలబడి దావా వేసినవారి ధైర్యం గుర్తుండాలని నా కోరిక.

అప్పు ఎలా సంకెల అవుతుందో సిగ్నల్ ఇంటర్నేషనల్ కేసులో ఉన్నంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు. 2005 కత్రినా తుపాను తరువాత మిసిసిపీ, టెక్సాస్ తీరాల్లోని తన ఓడల యార్డుల్లో పనికి ఆ సంస్థ మన దేశం నుంచి సుమారు 500 మంది వెల్డర్లను, పైపు ఫిట్టర్లను రప్పించుకుంది. గ్రీన్ కార్డు వస్తుందన్న మాట నమ్మి ఒక్కొక్కరు 10 వేల డాలర్ల నుంచి 20 వేల డాలర్ల వరకు చెల్లించారు. అందుకోసం అప్పులు చేశారు, ఆస్తులు తాకట్టు పెట్టారు. వచ్చాక దొరికింది కొద్ది నెలల తాత్కాలిక వీసా. ఒక్కో గదిలో 24 మంది వరకు ఉండవలసిన శిబిరంలో వారిని పెట్టి, అందుకు జీతంలోంచి నెలకు 1,050 డాలర్లు కోశారు. ఎదురు తిరిగితే ఇంటికి పంపేస్తారు. ఇంటికి వెళ్తే ఆ అప్పు తీర్చే దారి లేదు. తాళం వేయనవసరం లేని జైలు అది. 2008లో కార్మికులు పని వదిలి బయటికి వచ్చి దావా వేశారు. అందరి తరఫున ఒకే దావాగా నడపడానికి న్యాయస్థానం అంగీకరించకపోవడంతో విడివిడిగా దావాలు వేయవలసి వచ్చింది. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్‌లో జ్యూరీ మొదటి ఐదుగురికి సుమారు కోటి 41 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ సంస్థ దివాలాకు దరఖాస్తు పెట్టుకుంది, కార్మికుల దావాలు 2 కోట్ల డాలర్ల రాజీతో ముగిశాయి. రాజీలో భాగంగా సంస్థ అధిపతి రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాడు. ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లలో ఊళ్లో వడ్డీ ఎంత పెరిగి ఉంటుందో మనకు తెలియనిది కాదు.

2008 సవరణ మరో తలుపు తెరిచింది. నేరం చేసినవాడి మీదే కాక, ఆ వ్యవహారంలో పాలుపంచుకుని లాభపడినవారి మీద కూడా, జరుగుతున్నది తెలిసి ఉన్నా, తెలుసుకుని ఉండవలసి ఉన్నా, దావా వేయవచ్చు. ఆ మాటల బలంతోనే, తమ గదుల్లో లైంగిక దోపిడీ జరుగుతున్నా పట్టించుకోలేదని హోటళ్ల యజమానుల మీద, హోటల్ బ్రాండ్ల మీద ఎన్నో దావాలు పడుతున్నాయి. బాలికలను లైంగికంగా దోపిడీ చేసిన అమెరికా ధనికుడు ఎప్‌స్టీన్ బాధితులు, అతని ఖాతాలు నడిపిన బ్యాంకుల మీద వేసిన దావాల్లో 2023లో జేపీ మోర్గాన్ 29 కోట్ల డాలర్లకు, డాయిష్ బ్యాంకు 7.5 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. అయితే లాభపడ్డ ప్రతివారినీ చట్టం పట్టుకోదు. కాంగోలో, బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ గనుల్లో పిల్లల శ్రమ గురించి ఆపిల్, గూగుల్, టెస్లా వంటి కంపెనీల మీద వేసిన దావాను 2024లో వాషింగ్టన్ అప్పీలు న్యాయస్థానం నిలబెట్టలేదు. ప్రపంచ సరఫరాలోంచి ఖనిజం కొన్నంత మాత్రాన అది ఉమ్మడి వ్యవహారంలో పాల్గొనడం కాదన్నది. ఆ గీత అక్కడ గీయడం సరికాదని నా అభిప్రాయం. కొనేవాడి డబ్బు లేనిదే ఆ గని నడవదు.

దావా వేయడం తేలికని చెప్పి ఎవరినీ మభ్యపెట్టలేను. పేరు బయటికి రాకుండా మారుపేరుతో దావా నడపడానికి న్యాయస్థానాలు చాలాసార్లు అనుమతిస్తాయి గాని, ఎదుటి పక్షం న్యాయవాది గంటల తరబడి అడిగే ప్రశ్నలకు ప్రమాణం చేసి జవాబు చెప్పక తప్పదు. మానసిక వేదనకు పరిహారం అడిగితే వైద్య రికార్డులు చూపమంటారు. వీసా సంగతి లాగి భయపెట్టాలని చూస్తారు. దాన్ని అడ్డుకునే ఉత్తర్వు కోరవచ్చు. గెలిచాక కూడా, ప్రతివాది దేశం విడిచిపోతేనో, ఆస్తి వేరొకరి పేరున ఉంటేనో, డిక్రీ కాగితంగానే మిగిలిపోవచ్చు. మరోవైపు, గెలిస్తే న్యాయవాది రుసుమును ప్రతివాది నుంచే రాబట్టడానికి ఈ చట్టం వీలు కల్పిస్తోంది. చేతిలో పైసా లేనివారి కేసును కూడా న్యాయవాదులు చేపట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం.

దావా వేయడానికి గడువు మామూలుగా పదేళ్లు. నేరం జరిగేనాటికి మైనరుగా ఉన్నవారికి 18 ఏళ్లు నిండిన నాటి నుంచి పదేళ్లు. అందువల్ల, ఆ రోజులను గుర్తు చేస్తున్నాయని కాగితాలను చింపేయాలనిపించినా చింపవద్దు. ఏజెంటుకు డబ్బు పంపిన బ్యాంకు రసీదు, పని గంటలు రాసుకున్న చిన్న పుస్తకం, యజమాని పంపిన వాట్సాప్ సందేశం, ఊళ్లో రాసిచ్చిన ప్రోనోటు నకలు, అన్నీ దాచుకోవాలి. తెలుగులో ఉన్నాయని పక్కన పెట్టకండి. వాటిని అనువదించేవారు ఉన్నారు.