అన్నయ్యను ఎందుకు అడగవు?

గుంటూరు బ్రాడీపేటలో అమ్మవాళ్లింట్లో, మే నెల మధ్యాహ్నం కూలర్ ముందు చోటు కోసం పిల్లల మధ్య పేచీ. "నువ్వు ఆడపిల్లవి, కాస్త సర్దుకో తల్లీ" అంది అమ్మ. మా అమ్మాయి కదల్లేదు. "అన్నయ్యను ఎందుకు అడగవు, అమ్మమ్మా?" అంది. మా అక్క కొడుకు అక్కడే ఉన్నాడు. వాణ్ని ఎవరూ అడగలేదు.

ఆడవాళ్లది పుట్టుకతోనే పెట్టే చెయ్యి అంటారు. ఆర్థికవేత్తలు కేథరిన్ ఎకెల్, ఫిలిప్ గ్రాస్‌మన్ 1998లో ప్రచురించిన ప్రయోగం చూస్తే నిజమేననిపిస్తుంది. చేతిలో 10 డాలర్లు పెట్టి, ముక్కూమొహం తెలియనివారికి ఎంత ఇస్తారో గుట్టుగా తేల్చుకోమంటే, మగవాళ్లు ఇచ్చినదానికి దాదాపు రెట్టింపు ఆడవాళ్లు ఇచ్చారు.

మరో ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగం నన్ను ఎక్కువ పట్టుకుంది. ముగ్గురిలో ఒకరు బటన్ నొక్కాలి. నొక్కినవారికి 1.25 డాలర్లు, మిగతా ఇద్దరికీ చెరి 2. ఎవరూ నొక్కకపోతే తలా ఒక్కటే. ఆడా మగా కలిసిన జట్లలో ఎక్కువగా నొక్కింది ఆడవాళ్లు. అందరూ ఆడవాళ్లే, లేదా అందరూ మగవాళ్లే ఉన్న జట్లలో ఆ తేడా లేదు! పక్కన మగవాడుంటే ఆ పని ఆడవాళ్లదేనని అందరికీ ముందే తెలుసన్నమాట. బటన్ నొక్కమని ఒకరిని అడిగే వీలు కల్పిస్తే, మగవాళ్లకంటే ఆడవాళ్లకే 44 శాతం ఎక్కువ విన్నపాలు వచ్చాయి. అడిగినవారిలో ఆడవాళ్లూ ఉన్నారు, మా అమ్మలాగే.

అందుకే ఆడపిల్లకు కాదనడం నేర్పితే సరిపోదంటాను. ముందు మగపిల్లవాణ్ని అడగాలి. మా ఇంట్లో ఇప్పుడు అలాగే అడుగుతున్నాను. "ఎప్పుడూ నేనేనా?" అని మావాడు విసుక్కున్నా వదలడం లేదు.

కానీ అమ్మను తలచుకుంటే నా వాదన తడబడుతుంది. బంగినపల్లి కోస్తే చెక్కలు పిల్లలకు, టెంక తనకు. అది అలవాటు చేసిన త్యాగమని కోపం వస్తుంది. అదే అమ్మ ఏటా జూన్‌లో పనిమనిషి కూతురి బడి ఫీజు తన పెన్షన్‌లోంచి కడుతుంది. అది ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పదు కూడా. ఈ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయా? మొదటిది పెరికేస్తే రెండోది మిగులుతుందా?

నా కూతురికి ఆ టెంక వద్దు. ఆ ఫీజు కట్టే మనసు మాత్రం కావాలి. కొడుక్కీ కావాలి. అమ్మకు అది ఎలా వచ్చిందో అడిగాను. "ఏమోనే, చూస్తూ ఊరుకోలేం కదా" అంది. పిల్లలకు నేర్పడానికి అందులో నాకేమీ దొరకలేదు.