ఇటియ్యి, నేను చేస్తా

“నువ్వు ముట్టుకోకు. పిల్లే చేస్తుంది.”

ఎదురింటి నైనై (చైనీస్‌లో నాయినమ్మ అని) ఆ మాట అంటూనే నా చేతిలోని, పిండి వత్తే చిన్న కర్ర తీసుకుని మళ్లీ మా అమ్మాయి చేతిలో పెట్టింది. గొంతు పెంచలేదు గానీ, ఆ వంటింట్లో ఉన్నవాళ్లంతా ఒకసారి నావైపు చూశారు. నలభై దాటినవాణ్ని, నా కింద నలుగురు పనిచేస్తారు, మైదాపిండి దగ్గర మాట పడ్డాను. నేను చేసిందల్లా ఏడుపు ముఖం పెట్టిన కూతురికి సాయం చేయబోవడమే.

మేముండేది షిజియాజువాంగ్‌లో. హెబెయ్ ప్రావిన్స్ రాజధాని, బీజింగ్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంట పైచిలుకు. మామూలుగా మనవాళ్లకు ఈ పేరు నోరు తిరగదు. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో బల్క్ డ్రగ్ కంపెనీలో పనిచేసినవాళ్లను అడగండి, వెంటనే గుర్తుపడతారు. యాంటీబయాటిక్స్‌కు, వాటి ముడిసరుకుకు పేరున్న ఊరు. హైదరాబాద్ కంపెనీ ఒకదాని తరఫున ఇక్కడి ఫ్యాక్టరీల్లో సరుకు నాణ్యత చూసుకోవడం నా ఉద్యోగం. అమ్మాయి ఇక్కడి గవర్నమెంట్ బళ్లో మూడో తరగతి చదువుతోంది. చైనీస్ నాకంటే దానికే బాగా వచ్చు.

ఆ రోజు దోంగ్‌జి. డిసెంబర్‌లో, ఏడాది మొత్తంలో పగలు బాగా తక్కువగా ఉండే రోజు. ఉత్తర చైనాలో ఆ రోజు ఇంటింటా జియావోజ తినాల్సిందే. తినకపోతే చెవులు గడ్డకట్టి ఊడిపోతాయని పిల్లలను బెదిరిస్తారు (బయట చలి చూస్తే నాకూ నమ్మాలనిపిస్తుంది). పల్చటి పిండి రేకులో కూరో మాంసమో పెట్టి, కజ్జికాయలా మూసి, నీళ్లలో ఉడికిస్తారు. హైదరాబాద్‌లో సందుసందునా అమ్మే మోమోలకు చుట్టాలే. బడి నుంచి కూడా ఇదే హోంవర్క్ వచ్చింది: ఇంట్లోవాళ్లతో కలిసి జియావోజ చేసి, వీడియో తీసి, క్లాసు వీచాట్ గ్రూపులో పెట్టాలి.

ఇదేదో టీచరమ్మకు పుట్టిన సరదా అనుకోకండి. 2022లో ఇక్కడి విద్యాశాఖ ఒకటి నుంచి తొమ్మిదో తరగతి దాకా శ్రమ పాఠాన్ని విడి సబ్జెక్టు చేసింది. వారానికి కనీసం ఒక పీరియడ్. ఒకటీ రెండూ తరగతులవాళ్లు కూరగాయలు కడగాలి, పండ్ల తొక్క తీయాలి. మూడూ నాలుగుకు గుడ్లు, జియావోజ ఉడికించడం రావాలి. ఐదూ ఆరుకు టమాటా గుడ్డు వేపుడు, బొమికల సూప్ లాంటివి. ఏడు దాటాక ఇంటిల్లిపాదికీ మూడు నాలుగు రకాలతో భోజనం తయారుచేయాలి. కాగితం మీద ఇదంతా బాగుంది. గ్రూపులో కొన్ని వీడియోలు చూస్తే మాత్రం, వంట తల్లి చేసిందనీ, గరిట పట్టుకుని నిలబడటమే పిల్లాడి వంతు అనీ తెలిసిపోతుంది.

నైనై దగ్గర ఆ వేషాలు సాగవు. మనవడు మా అమ్మాయి క్లాసే కాబట్టి ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టింది. తాతగారు పిండి కలిపి తడిగుడ్డ కప్పి పక్కన పెట్టారు. కొడుకు దాన్ని తాడులా సాగదీసి, చిన్న ముక్కలుగా కోసి, అరచేత్తో అదిమి ఇస్తున్నాడు. ఈ ఇంట్లో మగవాళ్లు పిండి దగ్గర కూర్చోవడం వింతేం కాదు, నాకే వింత. మా కోసమని గుడ్డు, వెల్లుల్లి వాసన వేసే జియుత్సాయ్ ఆకు కలిపి కూర చేశారు. ఆకు తరిగాక ముందు నూనె పట్టించాలట, ఉప్పు చుట్టబోయే ముందే వేయాలట. లేకపోతే నీరు ఊరి రేకు చిరుగుతుంది.

అసలు కష్టం రేకు వత్తడంలో ఉంది. కుడిచేత్తో కర్ర ముందుకూ వెనక్కూ నడవాలి, అదే సమయంలో ఎడమచెయ్యి రేకును కొంచెం కొంచెం తిప్పుతుండాలి. అంచు పల్చగా రావాలి, నడుమ మందంగా మిగలాలి. నడుమ పల్చబడితే ఉడికేటప్పుడు పగులుతుంది. అంచు మందంగా ఉంటే మూసిన చోట పిండి పచ్చిగా ఉండిపోతుంది. మూసేటప్పుడు అంచుకు కూరలోని నూనె తగిలిందా, ఇక అతుక్కోదు. ఇన్ని సంగతులు ఎనిమిదేళ్ల పిల్ల చేతుల్లో ఒకేసారి కుదరవు. రేకు ఒకసారి నలుపలకలుగా వచ్చింది, ఒకసారి చిల్లి పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే నేను “ఇటియ్యి బిడ్డా, నేను చేస్తా” అని కర్ర తీసుకున్నాను.

నన్ను తర్వాత కూడా వదలనిది ఆవిడ మందలింపు కంటే మిగతావాళ్ల తీరు. పిల్ల కళ్లు తుడుచుకుంటుంటే ఎవరూ ఊరడించలేదు. నవ్వలేదు, తిట్టలేదు, ఆఖరికి “శభాష్” అని కూడా అనలేదు. చిరిగిన రేకును నైనై మళ్లీ ముద్దచేసి దాని ముందు పెట్టింది, అంతే. తన చేతి పని తాను చేసుకుంటూ పోయింది. ఒక్కరైనా “పోనీలే తల్లీ” అనరా? నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఉడికించేటప్పుడు కూడా అంతే. నీళ్లు పొంగినప్పుడల్లా చన్నీళ్లు పోస్తూ, అలా మూడుసార్లు పోశాక, మా అమ్మాయి చేసినవి కొన్ని విచ్చుకుని గుడ్డూ ఆకూ పైకి తేలాయి. వాటిని ఏరి దాని ప్లేటులోనే వేశారు. ఎవరు చుట్టింది వాళ్లే తినాలి. మనవడి ప్లేటులోనూ పగిలినవి ఉన్నాయి, వాడు నల్ల వెనిగర్‌లో ముంచుకుని గుటుక్కున మింగుతున్నాడు.

ఇదే పద్ధతి ఫ్యాక్టరీలోనూ చూశాను. క్వాలిటీ ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు టైట్రేషన్ (బ్యూరెట్ అనే గాజు గొట్టంలోంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలి కొలిచే పరీక్ష) చేస్తూ, ఆపాల్సిన ఎండ్ పాయింట్ దాటించేశాడు. సీనియర్ ఆవిడ పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. మళ్లీ చేయించింది, మళ్లీ దాటింది, మళ్లీ చేయించింది. నేను రిపోర్టు కోసం ఎదురుచూస్తూ గడియారం చూసుకుంటున్నా ఆవిడకు పట్టలేదు. జీడిమెట్లలో నేను కొత్తగా చేరినప్పుడు మా సీనియర్ సార్ అయితే రెండోసారికే “ఇటియ్యవయ్యా, బ్యాచ్ రిలీజ్ కావాలె” అని బ్యూరెట్ లాక్కునేవారు. బ్యాచ్ టైముకు వెళ్లేది. పని రాకపోలేదు నాకు. ఆయన చేతులు చూసి చూసి నేర్చుకున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. సంక్రాంతికి వారం ముందు మా వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లంతా కూర్చుని సకినాలు చుట్టేవాళ్లు. నేను పిండి మీద చెయ్యి వేస్తే “వీపు చింతపండవుతది, పోయి చదువుకో” అనేది అమ్మ. చెల్లెకూ అదే మాట. నైనై చూస్తే మా అమ్మ పిల్లలకు ఓపిక నేర్పలేదనే అంటుంది. కానీ అమ్మ సంగతి నైనైకేం తెలుసు? పదేళ్లకే అన్నం వార్చడం వచ్చిందని మా అమ్మను బడి మాన్పించారు. తమ్ముళ్లు చదివారు, ఈమె పొయ్యి ముందు కూర్చుంది. వంటింట్లో ఓపిక ఎలా వస్తుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. “ఈ గరిట నాతోనే ఆగాలె” అని చెల్లెను డిగ్రీ దాకా పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. దాన్ని గారాబం అనమంటే నేను ఒప్పుకోను. ఓపికంటారా, ఎంసెట్‌కు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నవాణ్ని, నాకు లేకనా!

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దోంగ్‌జి ఆదివారం పడటంతో నైనై కూతురి కూతురూ వచ్చింది. సీనియర్ హైస్కూల్ చివరి ఏడాది, జూన్‌లో గావ్‌కావ్, అంటే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష. విజయవాడ హాస్టళ్లలో ఇంటర్ చదివినవాళ్లకు ఆ పిల్ల ముఖం వేరే వర్ణించనక్కర్లేదు. లోపలి గదిలో పుస్తకాల ముందే కూర్చుంది. నైనై స్వయంగా యాపిల్ కోసి పట్టుకెళ్లింది, జియావోజ ప్లేటు పట్టుకెళ్లింది, ఖాళీ ప్లేటు తెచ్చుకుంది. “పిల్లే చేస్తుంది” అన్న మాట ఆ గది గుమ్మం దాటలేదు. అది గమనించాక నాకు కొంచెం హాయిగా అనిపించింది, దాచుకోవడం దేనికి?

అయినా వాళ్ల దగ్గర ఒకటి ఒప్పుకోవాలి. ఆ పెద్ద పిల్లకు, గావ్‌కావ్ రంధి మొదలవకముందే, జియావోజ చుట్టడం వచ్చేసిందట. చేతికి పట్టుబడే వయసేదో వాళ్లకు తెలుసు. మగపిల్లాడనీ ఆడపిల్లనీ చూడరు. మా ఇంట్లో సకినం చుట్టడం అమ్మతో ఆగింది. నాకూ రాదు, చెల్లెకూ రాదు.

మొన్న వీడియో కాల్‌లో మా అమ్మాయి నాయినమ్మకు జియావోజ వీడియో చూపించి, సకినాలు నేర్పమంది. అమ్మ మురిసిపోయింది, వెంటనే టెన్షన్ పడింది. దుకాణంలో దొరికే పొడిపిండి పనికిరాదు, నానబోసి పట్టించిన పిండే కావాలట. ఇక్కడి ఈశాన్య రాష్ట్రాల బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుంది, దాంతో కుదరదని నా భార్య తావ్‌బావ్ అనే ఆన్‌లైన్ షాపింగ్ సైట్‌లో పొడుగు బియ్యం ఆర్డర్ పెట్టింది. నువ్వులు, వాము ఉన్నాయి. “చుట్టుడు నేర్పుత గని, పోరిని నూనె కాడికి రానియ్యకు బిడ్డా” అంది అమ్మ. నాదీ అదే మాట. మరిగే నీళ్లు వేరు, కాగే నూనె వేరు. వేయించడం కూడా దాంతోనే చేయిస్తేనే చేసినట్టు అని నా భార్య అంటోంది. ఆమె ఈమధ్య పూర్తిగా నైనై పక్షం. బియ్యం పార్శిల్ గురువారం వస్తుందట.