ఆకలి లేని వేళ తినే చెయ్యి: హిప్నోథెరపీతో నా అనుభవం

బరువు తగ్గడం కోసం హిప్నోథెరపీకి, అంటే మనసును ఒకచోట నిలిపి (హిప్నాసిస్) సూచనలు ఇచ్చే చికిత్సకు, వెళ్ళానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆ సమయంలో స్పృహ ఉంటుందా?" ఉంటుంది. తొమ్మిది సెషన్లలో ఒక్క క్షణం కూడా నాకు స్పృహ తప్పలేదు. గది బయట ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది, వద్దనుకుంటే ఎప్పుడైనా కళ్ళు తెరిచి లేచి వెళ్ళిపోగలనన్న ఎరుక మొదటినుంచి చివరిదాకా నాలో ఉంది. ఇంత చిన్న విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్ళ క్రితమే వెళ్ళేదాన్నని అనిపించడం వల్లనే ఇది రాస్తున్నాను.

అప్పటికి నా బరువు 86 కిలోలు, ఎత్తు 162 సెంటీమీటర్లు. ఎత్తుకు తగ్గ బరువేనా అని చూసే బీఎంఐ లెక్క ప్రకారం అది 33కి కొంచెం తక్కువ; 30 దాటితే స్థూలకాయం కిందే లెక్క. అంతకుముందు పదేళ్ళలో మూడుసార్లు బరువు తగ్గాను, మూడుసార్లూ తగ్గినదానికంటే ఎక్కువే పెరిగాను. ఏం తినాలో తెలియక లావైనదాన్ని కాను. ఉదయం నుంచి రాత్రి భోజనం వరకు ఎంతో క్రమంగా ఉండేదాన్ని. ఆ తరువాత, ఆకలి ఏమాత్రం లేని వేళ, వంటగదిలో నిలబడి డబ్బాలు తెరిచి తినేదాన్ని. అన్నిసార్లూ నా ప్రయత్నం చెదిరిపోయింది అక్కడే. ఆహార నియమాల పట్టికలు ఆ చోటికి చేరవు. అవి ఏమి తినాలో చెబుతాయి గానీ, తినాలన్న కోరిక ఆకలి నుంచి పుట్టనప్పుడు ఏం చేయాలో చెప్పవు.

ముందుగా వైద్యుణ్ణి కలిశాను. ఈ దారిలో వెళ్ళాలనుకునే ఎవరికైనా నేను గట్టిగా చెప్పే మాట ఇదే. థైరాయిడ్ గ్రంథి మందగించినా బరువు పెరుగుతుంది. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. అలాంటి కారణం ఉన్న మనిషి కళ్ళు మూసుకుని ఎన్ని సూచనలు విన్నా అసలు కారణం అలాగే ఉండిపోతుంది, పైగా విలువైన కాలం గడిచిపోతుంది. నా పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి.

మొదట కలిసిన హిప్నాటిస్టు నా మాట పూర్తిగా వినకుండానే మూడు సెషన్లలో పది కిలోలు తగ్గిస్తానన్నారు. ఆయనకు వైద్యంలో గానీ మనస్తత్వశాస్త్రంలో గానీ శిక్షణ లేదు. అక్కడి నుంచి వచ్చేశాను. హిప్నాసిస్ ఒక పనిముట్టు మాత్రమే. దాన్ని పట్టుకున్న మనిషికి అది లేకుండా కూడా ఆ సమస్యకు చికిత్స చేసే అర్హత ఉండాలి. రెండవసారి, తినే అలవాట్లకు సంబంధించిన సమస్యల మీదే ఎక్కువగా పనిచేసే ఒక క్లినికల్ సైకాలజిస్టును ఎంచుకున్నాను. ఆవిడ ఏ హామీ ఇవ్వలేదు. "బరువు గురించి నేను మాట ఇవ్వలేను. రాత్రిపూట మీకు జరుగుతున్నదేమిటో మాత్రం కలిసి చూద్దాం" అన్నారు.

మొదటి రోజు హిప్నాసిస్ ఊసే లేదు. గంటకు పైగా ప్రశ్నలే. మూర్ఛ వ్యాధి ఉందా, లేనివి వినిపించడం, కనిపించడం వంటివి ఎప్పుడైనా జరిగాయా, ఒక్కసారిగా అదుపు లేకుండా తిని ఆ తరువాత వాంతి చేసుకునే అలవాటు ఉందా అని అడిగారు. వీటిలో ఏది ఉన్నా చికిత్స దారి మారుతుందని చెప్పారు. తరువాత ఒక నోటుపుస్తకం పెట్టి, రెండు వారాలపాటు తిన్న ప్రతిసారీ నాలుగు సంగతులు రాయమన్నారు: ఎన్ని గంటలకు, ఎక్కడ, పదికి ఎంత ఆకలితో, దానికి ముందు ఏం జరుగుతుండగా. కేలరీలు రాయమనలేదు.

ఆ పుస్తకం నాకు చేసిన మేలు గురించి కొంత వివరంగానే చెప్పాలి. పద్నాలుగు రాత్రుల్లో పదకొండు రాత్రులు తొమ్మిదిన్నర దాటాక తిన్నాను. ఆ పదకొండింటిలో ఒక్కసారి కూడా ఆకలి మూడుకు మించలేదు. కూర్చుని తిన్న రాత్రి ఒక్కటీ లేదు. "దానికి ముందు" అన్న గడిలో, ఒక్కో రాత్రి ఒక్కో తీరుగా రాసినా, విషయం అదే: పనులన్నీ అయిపోయాయి, అందరూ పడుకున్నారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పుస్తకం చూసి ఆవిడ, "రోజంతటిలో మీకోసం మీరు చేసుకునే పని ఇదొక్కటేనా?" అని అడిగారు. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నాది జిహ్వచాపల్యం అనుకుని పదేళ్ళు నన్ను నేను నిందించుకున్నాను. నేను వెతుక్కుంటున్నది రుచి కాదని, రోజు ముగిసిందని చెప్పే ఒక ఆనవాలు అని ఆనాడే తెలిసింది. ఇంకా కళ్ళు మూసుకోకముందే చికిత్సలో సగం అయిందని నా నమ్మకం.

రెండవసారి వెళ్ళినప్పుడు నేను ఎంతవరకు సూచనలకు లోబడతానో చూశారు. ఇందుకు 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్జెన్‌హోఫర్, హిల్గార్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక కొలమానం తయారుచేశారు. దానికి పన్నెండు అంశాలు ఉంటాయి. ఆవిడ చేసింది అలాంటిదే ఒక చిన్న పరీక్ష. చెయ్యి తేలికై పైకి లేస్తున్నదని చెప్పినప్పుడు నా చెయ్యి నిజంగానే జానెడు ఎత్తు లేచింది. లేపుతున్నది నేనే అయినా లేపుతున్నట్టు అనిపించకపోవడం వింతగా ఉంది. చెవి దగ్గర ఈగ తిరుగుతున్నదన్నప్పుడు మాత్రం నాకేమీ వినిపించలేదు. బాగా లోబడేవారు కొద్దిమంది, అసలు లోబడనివారు కొద్దిమంది, తక్కినవారంతా నాలాగే మధ్యలో ఉంటారని, ఆ మధ్యస్థాయి ఈ పనికి చాలునని ఆవిడ చెప్పారు.

అసలు సెషన్ ఇలా సాగింది. వాలు కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ఎత్తుకు కొంచెం పైన గోడ మీద ఒక చుక్కను చూస్తూ ఉండమన్నారు. ఊపిరి వదిలిన ప్రతిసారీ రెప్పలు బరువెక్కుతున్నాయని నెమ్మదిగా చెబుతుంటే, రెండు మూడు నిమిషాలకు అవి వాటంతట అవే వాలాయి. పాదాల నుంచి మొదలుపెట్టి కాళ్ళు, నడుము, భుజాలు, దవడ, నుదురు వరుసగా సడలించమన్నారు. నా దవడ ఎప్పుడూ బిగిసే ఉంటుందని అప్పుడే గమనించాను. ఆ తరువాత పది మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమని పది నుంచి ఒకటి దాకా లెక్కపెట్టారు. అప్పుడు మా వంటగదిని నాచేతనే వర్ణింపజేశారు: దీపం ఎటువైపు ఉంది, నేల చల్లగా ఉందా, డబ్బా మూత చేతికి ఎలా తగులుతుంది. చివరికి చెప్పిన సూచన ఇది: మూత మీద చెయ్యి పడిన క్షణంలో ఒక నిండు శ్వాస వస్తుంది, ఆ శ్వాసతోపాటు ఇది ఆకలేనా అన్న ప్రశ్న వస్తుంది, జవాబు ఏదైనా దాన్ని మీరు గౌరవిస్తారు.

తినవద్దు అని ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకని తరువాత అడిగాను. వద్దన్న వస్తువు మనసులో ముందు మెదిలితేనే గదా వద్దన్న మాట అర్థమయ్యేది అన్నారు. తిండి మీద అసహ్యం పుట్టించే సూచనలు కొందరు ఇస్తారని, తినడంతో ఇప్పటికే తగువులో ఉన్న మనిషికి వాటివల్ల కీడే ఎక్కువని ఆవిడ అభిప్రాయం. నాకూ అది సబబుగానే తోచింది. ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి కళ్ళు తెరవమన్నప్పుడు పది నిమిషాలు గడిచాయేమో అనుకున్నాను. గడియారం అరగంట చూపించింది.

ఇది నిద్ర కాదు. 1840లలో ఈ ప్రక్రియకు హిప్నాటిజం అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్, నిద్ర అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి ఆ పేరు తీసుకున్నాడు. ఇది ఒకే భావం మీద మనసు నిలవడమే గానీ నిద్ర కాదని ఆయనే తరువాత గుర్తించి పేరు మార్చాలని చూసినా, అప్పటికే పాత పేరు స్థిరపడిపోయింది. మనకున్న భయాల్లో సగం ఆ పేరు తెచ్చిపెట్టినవే అనిపిస్తుంది.

మొదటి సెషన్ తరువాత నాలుగు రాత్రులు చెయ్యి మూత మీదే ఆగింది. ఐదవ రాత్రి ఆగలేదు. ఇక పనిచేయదేమోనని బెంగపడ్డాను. ఆ రాత్రి సంగతి కూడా పుస్తకంలో రాయమన్నారు; రాశాక చూస్తే, ఆ రోజు మధ్యాహ్నం భోజనం మానేశాను, ఆకలి పదికి ఏడు. సూచన విఫలం కాలేదు, నిజంగానే ఆకలేసింది. అప్పటి నుంచి ఏ పూటా భోజనం మానలేదు.

రోజూ వినడానికి పన్నెండు నిమిషాల రికార్డింగ్ ఇచ్చారు. సెషన్లకంటే దీనికే ఎక్కువ ఫలం ఉందని నేను అనుకుంటున్నాను. రాత్రి తొమ్మిదింటికి అది వినడమే నేను వెతుక్కుంటున్న ఆ "రోజు ముగిసింది" అన్న ఆనవాలుగా మారింది. అది వినని వారాల్లో పాత అలవాటు తిరిగి తలెత్తింది.

నాలుగవ సెషన్ తరువాత పరిశోధనల గురించి చదివాను. 1995లో కిర్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరి ఇద్దరు కలిసి పాత అధ్యయనాలను క్రోడీకరించి, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే చికిత్సకు హిప్నాసిస్ తోడైతే ఫలితం బాగా పెరుగుతుందన్నారు. మరుసటి ఏడాదే ఆలిసన్, ఫెయిత్ అనే పరిశోధకులు ఆ లెక్కలను తిరిగి పరిశీలించి, బరువు విషయంలో ఆ అదనపు లాభం చిన్నదేనని చూపించారు. 1998లో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్న 60 మందితో బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రయోగంలో, ఏడాదిన్నర తరువాత కూడా తగ్గిన బరువు చెప్పుకోదగినంతగా నిలిచింది ఒక్క వర్గంలోనే: మానసిక ఒత్తిడి తగ్గించే హిప్నోథెరపీ పొందినవారిలో. వారు సగటున తగ్గింది నాలుగు కిలోలలోపే. ఇవి చదివి నిరాశగా ఆవిడ ముందు కూర్చున్నాను. "అందుకే మొదటి రోజు మీకు బరువు గురించి మాట ఇవ్వలేదు" అన్నారు. ఒత్తిడి మీద పనిచేసినవారిలోనే ఫలితం నిలిచిందన్న సంగతి నా నోటుపుస్తకం చెప్పినదానితో సరిపోవడం మాత్రం నాకు ధైర్యాన్నిచ్చింది.

ఆ రోజుల్లోనే మరో రెండు కోరికలు కోరాను. పొట్ట చుట్టూ పట్టీ బిగించే శస్త్రచికిత్స జరిగినట్టు ఊహింపజేసే పద్ధతి ఒకటి ఉందని విని, అది చేయమన్నాను. తగిన ఆధారం లేదని ఆవిడ ఒప్పుకోలేదు. చిన్నతనంలో దీనికి కారణమేదైనా ఉందేమో వెతకమన్నాను. హిప్నాసిస్‌లో పైకి వచ్చే జ్ఞాపకాలు నిజమైనవో, అప్పటికప్పుడు అల్లుకున్నవో తేల్చడం సాధ్యం కాదని, అయినా మనకు అవి నూటికి నూరుపాళ్ళు నిజమే అనిపిస్తాయని చెప్పి దాన్నీ నిరాకరించారు. ఆ నిరాకరణలకు ఆవిడకు ఎంతో రుణపడి ఉన్నాను.

పన్నెండు వారాలు ముగిసేసరికి 82.7 కిలోలకు వచ్చాను. రాత్రిపూట నేను తింటూ వచ్చింది నా అంచనాలో రోజుకు 300 కేలరీలు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి గనుక, 84 రోజుల లెక్క వేస్తే మూడు కిలోల చిల్లర అవుతుంది, తగ్గిందీ అంతే. అంటే హిప్నాసిస్ నా ఒంట్లో కొవ్వును కరిగించలేదు, నా ఆకలినీ మార్చలేదు. ఒక తిండిపూటను తీసివేసింది. ఆ మీదట రోజూ నలభై నిమిషాల నడక చేర్చుకుని, ఆహార నిపుణురాలి సలహాతో తక్కిన భోజనాలు సరిదిద్దుకుని, మరో ఐదు నెలల్లో 79.5కు చేరాను.

ఆ తరువాత అమ్మ ఆరోగ్యం పాడై ఆరు వారాలు ఆసుపత్రి చుట్టూ తిరిగాను. రికార్డింగ్ ఆగింది, నడక ఆగింది, రాత్రులు తిరిగి వచ్చాయి. బరువు 81 దాటింది. ఇదివరకైతే ఆ అంకె చూసి అన్నీ వదిలేసేదాన్ని. ఈసారి నోటుపుస్తకం తీసి మూడు రాత్రులు రాశాను, తరువాత ఫోన్ చేసి తొమ్మిదవ సెషన్‌కు సమయం అడిగాను. ఆవిడ పాత సూచననే ఉంచి, వంటగది వర్ణన తీసివేసి, ఆసుపత్రి వరండాను, అక్కడ అమ్మ పక్కన కూర్చున్న కుర్చీని పెట్టారు. ఆ సెషన్‌లో కళ్ళు మూసుకునే ఏడ్చాను, ఆవిడ ఆపలేదు.

అది జరిగి ఐదు వారాలైంది. మొన్న ఆదివారం తూకం 80.2 చూపించింది. కొత్త రికార్డింగ్ ఆవిడ గొంతుతో కాక నా గొంతుతోనే చేసుకున్నాను, రాత్రి తొమ్మిదింటికి వింటున్నాను.