ఏడు గంటల వేళ, అప్పన్న కొండ చుట్టూ

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం కొండ కింద, మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, నా భార్యా నేనూ గిరి ప్రదక్షిణ మొదలుపెట్టాం. కాయ ఒక్క దెబ్బకే పగిలింది. రెండేళ్ల క్రితం పొద్దున్నే టీ గ్లాసును తొణక్కుండా నోటిదాకా తెచ్చుకోలేకపోయిన చెయ్యి ఇది.

దారి మొత్తం 32 కిలోమీటర్లు. అడివివరం, ముడసర్లోవ దాటి హనుమంతవాక చేరేసరికి సాయంత్రం ఏడైంది. ఇరవై ఏళ్లపాటు ఏడింటికి నేనెక్కడ ఉంటానో మిత్రులెవరినీ అడగనక్కరలేదు.

తాగుడు మానడం కష్టమని అందరూ అంటారు. నిజమే. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. అందుకే ఆ మొదటి రోజులు నేను ఆసుపత్రిలో, వైద్యుల కనుసన్నల్లో గడిపాను. ఆ తర్వాత వచ్చే సాయంత్రాల గురించి మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఫోను మోగడం మానేసింది. పెళ్లిళ్లకు వెళితే ఎవరి పక్కన కూర్చోవాలో తోచేది కాదు. నలుగురినీ నవ్విస్తాడని పేరున్నవాడిని, మందు లేకపోయేసరికి నోట మాటే రాలేదు. మరి ఆ మాటలన్నీ ఎవరివి? చేతులకు పని కావాలని వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేవాడిని. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశంలో మొదటిసారి పేరు చెప్పుకుని, ‘నేను మద్యానికి బానిసను’ అన్నప్పుడు ఎవరూ ముఖం తిప్పుకోలేదు. 1935లో అమెరికాలో, తాగుడుతో నలిగిపోయిన ఇద్దరు ఒకరికొకరు ఆసరాగా నిలబడి మొదలుపెట్టిన సంఘం అది. అక్కడే నాకు మళ్లీ మాటలొచ్చాయి.

జోడుగుళ్లపాలెంలో సముద్ర స్నానానికి ఆగాం. ఆమె నీళ్లలోకి దిగబోతూ గాజులు తీసి చేతిసంచిలో వేసి, “పట్టుకోండి, ఇప్పుడే వస్తాను” అంది. ఆ గాజులకు ముందున్న జతను తాకట్టు పెట్టి విడిపించనిది నేనే. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. సంచిని రెండు చేతులా పట్టుకుని తడి ఇసుకలో అలాగే నిలబడిపోయాను.

మాధవధార దగ్గర జల్లు పడింది. పాదాలు బొబ్బలెక్కాయి. ఏడాదంతా చందనంలో ఉండే స్వామి నిజరూపం చూపేది అక్షయ తృతీయ నాడే; ఈ ఏడు ఆ వరుసలో నిలబడి, ఈ ఒక్క రోజు దాటించు స్వామీ అని అడిగాను. ఇప్పుడూ నడుస్తూ అదే అడిగాను.

గోపాలపట్నంలో మా ఇల్లు. అర్ధరాత్రి దాటినా మా అత్తగారు పాపను తీసుకుని రోడ్డు మీద ఎదురుచూస్తున్నారు. మిగిలిన దారి తనూ నడుస్తానంది పాప. కొంతదూరం నడిచి, ఎత్తుకోమంది. ఒకప్పుడు గుమ్మంలో నా అడుగుల చప్పుడు వినగానే కళ్లు గట్టిగా మూసుకుని నిద్ర నటించేది. అంత జనంలో, గోవింద నామాల హోరులో, నా భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోయింది.