మా ఎలక్ట్రిక్ ట్రక్కును వేలానికి పంపకుండా ఫుడ్ బ్యాంకుకు ఇచ్చిన అనుభవం

అమెరికాలో పాత వాహనాన్ని సేవాసంస్థకు ఇవ్వడం సాధారణంగా ఒక ఫోనుతో అయిపోయే పని. మధ్యవర్తి సంస్థ వాహనాన్ని తీసుకుపోయి వేలంలో అమ్ముతుంది, ఖర్చులూ కమిషనూ పోగా మిగిలిన సొమ్ము సేవాసంస్థకు చేరుతుంది. మా ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌ను ఇవ్వాలని నిర్ణయించుకున్నప్పుడు ఆ దారి నాకు నచ్చలేదు. బరువు మోయగల, బ్యాటరీ వారంటీ ఇంకా మిగిలి ఉన్న ట్రక్కు ఏ వ్యాపారికో చౌకగా దక్కడం కంటే, రోజూ సరుకు చేరవేసే పని ఉన్న సంస్థకు నేరుగా చేరాలని గట్టిగా కోరుకున్నాను.

పన్ను నిబంధనలు కూడా ఈ రెంటికీ మధ్య తేడా చూస్తాయి. 2005 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, 500 డాలర్లకు మించి పన్ను మినహాయింపు (పన్ను వేసే ఆదాయంలో తగ్గింపు) కోరే వాహనాన్ని సంస్థ అమ్మేస్తే, దాతకు దక్కేది సాధారణంగా ఆ అమ్మకంలో వచ్చిన మొత్తం మేరకే. సంస్థ దానిని తన సేవాకార్యక్రమాలలో చెప్పుకోదగినంతగా వాడినా, దాని విలువ పెరిగేలా పెద్ద మరమ్మతులు చేసినా, పేదవారికి మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు ఇచ్చినా, మార్కెట్ విలువ మేరకు మినహాయింపు కోరవచ్చు. ఊరికే రెండు మూడు సార్లు నడిపితే అది వాడకంగా లెక్కకు రాదు. భోజనాలు పంచే సంస్థ ఏడాదిపాటు రోజూ ఆ పనికే వాడటం అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ స్వయంగా ఇచ్చిన ఉదాహరణ. అయితే స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల వివరాలు చూపకుండా తీసుకునే స్థిరమైన తగ్గింపు) తీసుకునేవారికి కాక, ఖర్చులను విడివిడిగా చూపేవారికే ఈ మినహాయింపు వల్ల ప్రయోజనం.

మొదట మాట్లాడిన మధ్యవర్తి సంస్థ వారు బ్యాటరీ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ తరువాత ఒక ఫుడ్ బ్యాంకును (ఆహార సరుకులు సేకరించి అవసరమైనవారికి పంచే సంస్థను) సంప్రదించాను. పన్ను మినహాయింపు ఉన్న సంస్థల జాబితాను ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు కాబట్టి, వారి పేరు అందులో ఉందని ముందే చూసుకున్నాను. గోడౌన్ నిర్వహించే ఆవిడ అడిగిన ప్రశ్నలు చాలా సూటిగా ఉన్నాయి: ఎక్కడ ఛార్జ్ చేయాలి, నిండుగా సరుకు వేస్తే ఎంత దూరం వెళుతుంది, బ్యాటరీ పాడైతే ఖర్చు ఎవరిది? ఇలా అడిగే సంస్థకే ఇవ్వాలని అప్పుడే అనుకున్నాను.

మాది 2022 నాటి చిన్న బ్యాటరీ రకం. కొత్తలో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా ప్రకారం ఒక నిండు ఛార్జికి 230 మైళ్ళు వెళుతుంది. చలికాలంలో, బరువు వేసినప్పుడు అది గణనీయంగా తగ్గుతుందని దాచకుండా చెప్పాను. వారి పంపిణీ దారి రోజుకు అందులో సగం కూడా లేదు కనుక రాత్రిపూట ఛార్జింగ్ సరిపోతుందని తేలింది. గోడౌన్‌లో 240 వోల్టుల సర్క్యూట్ పెట్టడానికి వీలుందో లేదో వారి ఎలక్ట్రీషియన్ చేత చూపించారు. బ్యాటరీకి కంపెనీ ఇచ్చే వారంటీ 8 సంవత్సరాలు లేదా 100,000 మైళ్ళు, వీటిలో ఏది ముందైతే అది. యజమాని మారినా వాహనంతోపాటే కొనసాగుతుంది. అయినా మాటగా చెప్పి వదిలేయకుండా, సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ పరీక్ష చేయించి ఆ నివేదికను ఇచ్చాను. విన్ నంబరుతో (వాహన గుర్తింపు సంఖ్యతో) రీకాల్స్, అంటే లోపాలు సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన మరమ్మతులు, ఏమైనా మిగిలి ఉన్నాయేమో జాతీయ రహదారి భద్రతా సంస్థ సైటులో చూసి, ఆ వివరాలనూ జతచేశాను.

కాగితాల పనిలో ఎక్కువ ఓపిక కోరింది విలువ కట్టించడం. 5,000 డాలర్లకు మించి మార్కెట్ విలువను కోరాలంటే అర్హత గల అప్రైజర్ (విలువ కట్టే నిపుణుడి) నివేదిక ఉండాలి. దానం చేసే తేదీకి 60 రోజుల కంటే ముందు చేసినది చెల్లదు. డీలరు చెప్పిన ఎక్స్ఛేంజ్ ధర దీనికి బదులు కాదు. అప్రైజర్ రుసుము కూడా దానంలో భాగంగా లెక్కకు రాదు. ట్రక్కు అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చిన పత్రం చేతికి వచ్చాకే టైటిల్ (యాజమాన్య పత్రం) బదిలీ వీలైంది.

అప్పగించే ముందు ఫోన్ యాప్‌లోని ఖాతా నుంచి ట్రక్కును తొలగించి, ఫోనునే తాళంగా వాడే అనుమతులన్నీ రద్దు చేసి, తెరలో దాగిన ఇంటి చిరునామా, పరిచయాల నంబర్లు పోయేలా పూర్తి రీసెట్ చేశాను. ఇది చేయకపోతే కొత్త యజమాని వాహనం ఎక్కడుందో పాత యజమాని ఫోనులో కనిపిస్తూనే ఉంటుంది. ట్రక్కును తరలించడానికి వచ్చే వారికి చక్రాలు నేలకు తగలని ఫ్లాట్‌బెడ్ తప్పనిసరని, ట్రక్కు బరువు 6,000 పౌండ్లకు పైనేనని ముందే చెప్పించాను, ఎందుకంటే చక్రాలు తిరుగుతుండగా లాక్కెళితే మోటార్లు దెబ్బతినవచ్చు. రెండు తాళాలనూ, ఛార్జింగ్ కేబులునూ వాహనంతోపాటే ఇచ్చాను.

యాజమాన్యం మారినట్లు రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు తెలిపిన తరువాతే ఇన్సూరెన్స్ రద్దు చేశాను. ట్రక్కును తామే వాడుతామని ధ్రువీకరిస్తూ ఫుడ్ బ్యాంకు వాహన దానానికి రసీదైన 1098-సి ఫారాన్ని దానం అందిన 30 రోజుల లోపే పంపింది. నగదు కాని దానాలను చూపే 8283 ఫారంలో సెక్షన్ బి మీద అప్రైజర్ సంతకం, సంస్థ సంతకం రెండూ తీసుకుని, ఈ రెండు ఫారాలనూ ఆ సంవత్సరపు పన్ను రిటర్నుకు జతచేసి దాఖలు చేశాను.