జీతంలోంచి పోయే ఆ 135 రూపాయలు

మా బాబాయి కొడుకు జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో నాలుగేళ్లు పనిచేశాడు. ఆర్డర్లు తగ్గాయని మొన్న నైట్ షిఫ్ట్ ఎత్తేసి వాళ్లందర్నీ ఇంటికి పంపారు. పే స్లిప్పుల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, "అన్నా, పీఎఫ్ ఎంత వస్తుందో చూడవా" అన్నాడు. నా కన్ను మాత్రం దాని కింద లైను మీద పడింది. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా), 135.

"అది ఆసుపత్రిది కదా!" అన్నాడు. పిన్నికి బాగోలేనప్పుడు సనత్‌నగర్ తీసుకెళ్లాడు కాబట్టి వాడి లెక్కలో ఈఎస్ఐ అంటే మందుల చీటీ, అంతే.

జీతం 21,000 దాటనివాళ్లకి మన వైపు నుంచి 0.75 శాతం, ఓనర్ వైపు నుంచి 3.25 శాతం కడతారు. వాడి జీతం 18,000, కాబట్టి ఓనర్ వాటా 585. ఉద్యోగం పోతే కొన్నాళ్లు డబ్బులిచ్చే పథకం కూడా ఈ ఈఎస్ఐలోనే ఉంది, పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులైలో మొదలుపెట్టినప్పుడు రోజు జీతంలో పావు వంతే ఇచ్చేవాళ్లు, అదీ మూడు నెలలు ఖాళీగా కూర్చున్నాక, అదీ కాగితం ఓనర్ ద్వారా పంపితేనే (తీసేసినాయన గుమ్మం ముందే మళ్లీ నిలబడమనడం ఏం రూలో!). కరోనా వచ్చాక 2020లో పావు వంతును సగం చేశారు, నెల దాటితే చాలన్నారు, మనమే నేరుగా అప్లై చేసుకోవచ్చన్నారు. 90 రోజులకి మించి రాదు, జీవితంలో ఒక్కసారే. వాడికి లెక్కేస్తే సుమారు 26,600 వచ్చింది. అద్దెకీ కిరాణాకీ మూడు నెలలు ఎలాగోలా సరిపోతుంది. గడువు పొడిగిస్తూ నడుపుతున్న పథకం కాబట్టి బ్రాంచి ఆఫీసులో ఒకసారి అడిగి వెళ్లడం మంచిది.

అసలు మెలిక ఓనర్ దగ్గరుంది. ఈఎస్ఐ పోర్టల్‌లో మనిషి పేరు తీసేటప్పుడు కారణం ఎంచుకోవాలి. 'రిట్రెంచ్‌మెంట్' (పని లేదని ఓనరే తీసేయడం) అనీ ఉంటుంది, 'లెఫ్ట్ సర్వీస్' (మానేసి వెళ్లిపోయాడు) అనీ ఉంటుంది. చిన్న యూనిట్ల అకౌంటెంట్లు చాలామంది కళ్లు మూసుకుని రెండోదే నొక్కుతారు. నిజం రాస్తే ఈఎస్ఐకి ఓనర్ పైసా ఎక్కువ కట్టక్కర్లేదు. భయమల్లా రిట్రెంచ్‌మెంట్ పరిహారం గురించి, అంటే సర్వీసు పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం. అందుకే "రిజైన్ లెటర్ రాసివ్వు బాబూ, సెటిల్‌మెంట్ తొందరగా అవుతుంది" అని తీయగా అడుగుతారు. తప్పు చేసి బయటికి పోయినవాళ్లకీ, స్వచ్ఛందంగా రిటైరైనవాళ్లకీ ఈఎస్ఐ ఇచ్చే ఆ సగం జీతం రాదు, అలాంటప్పుడు మనంతట మనమే మానేశామని రాసివ్వడం ఎందుకు?

మావాడి జేబులో ఆ లెటర్ నాలుగు మడతలు పెట్టి ఉంది. టైపింగ్ కూడా వాళ్లే చేసిచ్చారు, సంతకం ఒక్కటే తక్కువ. "పెట్టకు" అన్నాను. ఉద్యోగం పోయి నెల నిండడానికి ఇంకా 11 రోజులుంది.