నీలి మరక

పదకొండున్నర అయింది. చిన్నోడి చొక్కా ఇంకా బకెట్‌లోనే నానుతోంది. పొద్దున హడావిడిలో వియత్నాంలోని సాపా నుంచి తెచ్చిన నీలి గుడ్డని వాడి యూనిఫాంతో కలిపి మిషన్‌లో వేశాను, తెల్ల చొక్కా నిండా నీలం. అత్తయ్య ఒక్క మాట కూడా అనలేదు, అదింకా టెన్షన్. రోజంతా నా కోపం ఆ గుడ్డ అమ్మినావిడ మీదే, రంగు దిగే సరుకు అంటగట్టింది కదా అని.

సాపా దగ్గర లావ్ చాయ్ అనే ఊరికి వెళ్ళే దారంతా ఆవిడ మా వెంటే నడిచింది. నల్ల హ్మోంగ్ అనే కొండజాతి మనిషి, పెద్దావిడ. నడుస్తూనే హెంప్ నార పోగులు కలిపి పురిపెట్టి చేతికి చుట్టుకునేది, బురదలో నేను జారినప్పుడు మాత్రం అదాపి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ నారే మగ్గమెక్కుతుంది, గుడ్డ మీద కరిగిన తేనెమైనంతో గీతలు గీసి నీలిమందు తొట్టిలో మళ్ళీ మళ్ళీ ముంచుతారు, చివర్లో మరిగే నీళ్ళలో వేస్తే మైనం పోయి గీతలు తెల్లగా తేలతాయి. నెలల పని. నేనేమో బేరమాడి 50 వేల డాంగ్‌లు తగ్గించాను, మన లెక్కలో అటూఇటూగా 170 రూపాయలు.

ఆ ట్రిప్పులో నాకు ఒళ్ళు మండింది కాట్ కాట్ అనే ఇంకో హ్మోంగ్ ఊళ్ళో. టికెట్ కొని లోపలికి వెళ్తే వరసగా అద్దె బట్టల కొట్లు, మెరిసే పూసల టోపీలు, హ్మోంగ్ వాళ్ళు కట్టుకునేవే కావు అవి. మా బ్యాచ్ గంటన్నర అక్కడే ఫోటోలు దిగింది, నేను ఎవరితోనూ మాట్లాడకుండా మెట్ల మీద కూర్చున్నాను. లావ్ చాయ్‌లో అలా లేదు, ఆ రాత్రి ఒకళ్ళింట్లో అటక మీద మొక్కజొన్న పొత్తుల పక్కన పడుకున్నాం, డబ్బులు నేరుగా ఆ ఇల్లాలి చేతికే ఇచ్చాం. అదే సరైన పద్ధతని ఎన్నిసార్లు వాదించానో ఈయనతో.

కానీ ఇప్పుడనిపిస్తోంది, ఆ అద్దె కొట్లో కూర్చున్న పిల్ల కూడా ఆ ఊరిదే అయ్యుండొచ్చు. తన ఊళ్ళో తనేం అమ్ముకోవాలో చెప్పడానికి నేనెవర్ని?

ఇందాక ఫోటోలు తీసి చూశాను. పెద్దావిడ రెండు అరచేతులూ చాపి నిలబడింది, గోళ్ళ సందుల్లో కూడా నీలం. "వాష్, వాష్" అని ఏదో అంది అప్పుడు. ఫోటో కోసం చూపిస్తోందనుకుని క్లిక్‌మనిపించాను. రంగు దిగుతుంది, విడిగా ఉతుక్కో అని చెప్పిందన్నమాట.

చొక్కా కొత్తది కొనొచ్చు. ఆ 50 వేల డాంగ్‌లే నిద్ర పట్టనివ్వడం లేదు.